లిథియం మాత్ర, ఉప్పులేని పథ్యం

మానసిక వ్యాధికి మందులు వాడుతున్న మనిషి ఉన్న తెలుగు ఇంట్లో ఒక్క వైద్యమే నడవడం చాలా అరుదు. సైకియాట్రిస్టు రాసిన మాత్రలు ఒక డబ్బాలో ఉంటాయి. దాని పక్కనే పిన్ని తెచ్చి ఇచ్చిన సారస్వతారిష్టం సీసా, బావగారు ఆన్‌లైన్‌లో తెప్పించిన అశ్వగంధ చూర్ణం, యోగా తరగతిలో ఇచ్చిన ప్రాణాయామం కాగితం ఉంటాయి. మెడలో తాయెత్తు సరేసరి. వీటిలో ఏ ఒక్కటి ఇచ్చినవారికీ మిగతావాటి సంగతి తెలియదు. ఆయుర్వేదం మాట ఎత్తితే సైకియాట్రిస్టు కసురుకుంటారేమోనని అక్కడ నోరు విప్పము. ఆయుర్వేద వైద్యుడి దగ్గర "నరాల బలహీనత" అని చెప్పి ఊరుకుంటాము. చివరికి రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఒక్కరికే దక్కుతుంది: ఇంట్లో మందుల డబ్బా నింపే మనిషికి. రెండు వైద్యాలను కలపడమనే పని మన దగ్గర చాలావరకు ఆ మనిషి చేతుల మీదుగానే జరుగుతోంది, అదీ ఏ శిక్షణా లేకుండా. మా ఇంట్లో ఆ మనిషిని నేను.

మా తమ్ముడికి బైపోలార్ డిజార్డర్, అంటే ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు, ఉందని తేలి చాలా ఏళ్ళయింది. దానికి లిథియం వాడుతున్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు, పొద్దున్నే ఆసనాలు వేస్తాడు. ఆసనాలు మొదలుపెట్టాక అతని నిద్ర కుదుటపడిందన్నది నేను కళ్ళారా చూసిన విషయం కనుక, మాత్రలు తప్ప మిగతావన్నీ మూఢత్వమని కొట్టిపారేసే వారితో నేను ఏకీభవించలేను. అదే సమయంలో, "సహజమైనది కదా, హాని ఏముంటుంది" అనే మాట వింటే నాకు భయం వేస్తుంది. ఆ భయానికి కారణం ఉంది.

కొన్నేళ్ళ క్రితం మా మేనమామ ఎంతో ప్రేమతో తమ్ముణ్ణి ఒక ప్రకృతి చికిత్సాలయంలో చేర్పించారు. మాత్రల వల్ల ఒళ్ళు పెరిగిపోయిందని, ఒంట్లో చేరిన వేడంతా పోతుందని ఆయన ఉద్దేశం. అక్కడ చేరేటప్పుడు నింపిన కాగితంలో బీపీ, షుగరు, థైరాయిడ్, పాత ఆపరేషన్లు అన్నీ అడిగారు కానీ, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నారా అన్న ప్రశ్న లేదు. ఉప్పు పూర్తిగా మాన్పించారు. కొన్ని పూటలు పండ్ల రసాలతో ఉపవాసం, వేడి ఆవిరి స్నానాలు. తమ్ముడు మేము కట్టి పంపిన మాత్రలను ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నాడు. రెండు వైద్యాలనూ నిష్ఠగా పాటించాడు, ముప్పు సరిగ్గా ఆ నిష్ఠలోంచే వచ్చింది. కొద్దిరోజులకే విరేచనాలు పట్టుకున్నాయి, మాట ముద్దముద్దగా వచ్చింది, గ్లాసుతో మజ్జిగ తాగబోతే చెయ్యి వణికి సగం చొక్కా మీద పడింది. మామయ్య అది "విషాలు బయటికి పోవడం" అనుకున్నారు, ఎందుకంటే అక్కడి వారు అలాగే చెప్పారు. నేను సైకియాట్రిస్టుకు ఫోన్ చేసి చేతి వణుకు సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏమమ్మా, ఉప్పేమైనా మానేశాడా?" రక్తపరీక్షలో లిథియం 1.7 వచ్చింది. మాత్ర ఆపి, సెలైన్ ఎక్కించి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి సరిచేశారు.

లిథియంకు, ఉప్పుకు ఉన్న సంబంధం వైద్యశాస్త్రానికి కొత్తదేమీ కాదు. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాద స్థితిలో ఉన్న రోగులకు లిథియం ఇచ్చి ఫలితాలు ప్రచురించినది 1949లో. సరిగ్గా అదే సంవత్సరంలో అమెరికాలో, గుండె జబ్బుతో ఉప్పు మానేసిన వారికోసం ఉప్పుకు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడ్ వల్ల కొందరు చనిపోవడంతో దానిని అంగళ్ళ నుంచి తొలగించారు. వారు చేసినది కూడా మా తమ్ముడు చేసినదే: ఉప్పు మానేసి లిథియం తీసుకున్నారు. మూత్రపిండాలు లిథియంను దాదాపు సోడియంలాగే చూస్తాయి. ఒంట్లో సోడియం తగ్గినప్పుడు అవి దానిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి, ఆ పట్టులో లిథియం కూడా చిక్కుకుపోయి రక్తంలో పేరుకుంటుంది. ఈ మందు పనిచేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండేలా చూస్తారు, 1.5 దాటితే విషలక్షణాలు కనిపించడం మొదలవుతుంది. అందుకే చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్ర మింగి పరుగున ల్యాబ్‌కు వెళితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. మే నెల ఎండల్లో చెమటలు కారిపోవడం, వాంతులు విరేచనాలు, మోకాళ్ళ నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మాత్రలు కూడా ఇదే పని చేస్తాయి. ఉప్పు మానడం కొందరు బీపీ రోగులకు మంచిదే కావచ్చు. లిథియం వాడే మనిషి మాత్రం తన వైద్యుడికి చెప్పకుండా ఉప్పును పెంచకూడదు, తగ్గించకూడదు. ఉప్పులేని తిండిని ఒక ఉద్యమంలా ప్రచారం చేసుకున్న మన ప్రాంతంలో ఈ ఒక్క వాక్యాన్ని ఎవరూ పెద్దగా చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఆయుర్వేద మందుల విషయానికి వస్తే, సీసా వెనక లేబుల్ చదవడం దగ్గరే సగం పని ఉంది. అరిష్టాలు, ఆసవాలు కషాయానికి బెల్లం, ధాతకీ పుష్పాలు చేర్చి పులియబెట్టి తయారుచేసేవి. పులియడంలోనే వాటిలో ఆల్కహాల్ పుడుతుంది, చాలావాటి మీద అది అయిదు నుంచి పది శాతం వరకు అని చిన్న అక్షరాలలో అచ్చువేసి ఉంటుంది. మామూలు మనిషికి రెండు మూతల అరిష్టం పెద్ద లెక్క కాదు. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ మాత్ర వాడుతున్న మనిషికి మాత్రం అదే పెద్ద లెక్క. ఆ మాత్ర పని ఏమిటంటే, ఆల్కహాల్ ఒంట్లో విరిగే క్రమంలో పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను మరింత విరగనివ్వకుండా ఆపడం. అది పేరుకుంటే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మా వీధిలో ఒకాయనకు భార్య నీరసం తగ్గాలని అశ్వగంధారిష్టం పట్టిస్తే ఇదే జరిగింది. ఆయన దొంగచాటుగా తాగాడని ఇంటిల్లిపాదీ ఆయన మీద విరుచుకుపడ్డారు. పాపం, ఆయన ఆ రోజు చుక్క ముట్టలేదు. హోమియో మదర్ టింక్చర్లలో కూడా ఆల్కహాల్ ఉంటుందని ఇక్కడే చెప్పుకోవాలి.

అశ్వగంధ ఇప్పుడు అమెరికా నుంచి అమలాపురం దాకా అందరి నోటా నానుతున్న మాట. ఒత్తిడి, నిద్రలేమి విషయంలో కొంత మేలు చేస్తుందని చిన్న అధ్యయనాలు ఉన్నాయి. అది మగతను పెంచవచ్చు కనుక ఆందోళనకు, నిద్రకు ఇచ్చే క్లోనజెపామ్ వంటి మాత్రలు వాడేవారు జాగ్రత్తపడాలి. థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చని, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీసిందని కూడా వైద్య పత్రికలలో నమోదైంది. లిథియం దీర్ఘకాలంలో థైరాయిడ్‌ను మందగింపజేసే మందు. ఒకటి దించుతూ, మరొకటి ఎత్తుతూ ఉంటే పరీక్ష చేసిన డాక్టరుగారికి ఏది వ్యాధో, ఏది మందో, ఏది చూర్ణమో ఎలా తెలుస్తుంది? ఇలాంటిదే మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ విషయంలో జరిగింది. ఆ మందుతో పాటు శంఖపుష్పి పానకం తాగినవారికి రక్తంలో ఫెనిటాయిన్ తగ్గి ఫిట్స్ తిరగబెట్టాయని మన దేశపు వైద్యులే గమనించి రాశారు. విదేశాలలో ఉన్న మనవాళ్ళు మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కునే సెయింట్ జాన్స్ వార్ట్ అనే మూలిక మరీ ముఖ్యమైనది. తేలికపాటి కుంగుబాటుకు అది పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి, జర్మనీలో వైద్యులే రాస్తారు. కానీ కుంగుబాటుకు ఇచ్చే సెర్‌ట్రలీన్, ఎసిటాలోప్రామ్ వంటి మాత్రలతో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం మోతాదు మించి జ్వరం, వణుకు, గందరగోళం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు; గర్భనిరోధక మాత్రల బలాన్ని కూడా అది తగ్గిస్తుంది. ఇక లేబులే లేని పొట్లాల గురించి చెప్పనక్కరలేదు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దక్షిణాసియా దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్టు తేలింది, సీసం పాడుచేసేది మెదడునే.

ఇదంతా చదివి, మూలికలకు మానసిక వైద్యంలో చోటే లేదని అనుకుంటే అదీ పొరపాటే. ఆధునిక మానసిక వైద్యపు తొలి మందులలో ఒకటి మన సర్పగంధ వేరు నుంచి వచ్చింది. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే రక్తపోటుకు, ఉన్మాదానికి దాని వాడుక గురించి రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు, రెండేళ్ళకు అమెరికాలో నేథన్ క్లైన్ స్కిజోఫ్రీనియా రోగుల మీద దాని ప్రభావాన్ని ప్రకటించారు. ఆ తర్వాత దానిని క్లోర్‌ప్రోమజిన్ అనే మరో మందు వెనక్కి నెట్టింది. రిసర్పిన్ కొందరిలో కుంగుబాటు తెస్తుందన్న అనుమానం కూడా అందుకు తోడయింది. మూలికకు అంత శక్తి ఉందని ఒప్పుకున్నాక, అంత శక్తి ఉన్నది హాని చేయదని అనడం కుదరదు కదా. బీపీకని సర్పగంధ మాత్రలు వాడుతున్న పెద్దవారెవరైనా దిగాలుగా ఉంటే, ఆ సంగతి సైకియాట్రిస్టుకు చెప్పడం అవసరం.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించినది యోగా. నమ్మకం అంటున్నాను కానీ, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వైద్యులు చేసిన పరిశోధనలు చదివి ఏర్పడిన అభిప్రాయమిది. 2000లో వారు ప్రచురించిన ఒక అధ్యయనాన్ని మన యోగా ప్రసంగాలలో తరచు వింటాం, అదీ సగమే వింటాం. తీవ్రమైన కుంగుబాటుతో ఆసుపత్రిలో ఉన్న 45 మందిని మూడు భాగాలు చేసి ఒక భాగానికి ఈసీటీ (మెదడుకు విద్యుత్తు ఇచ్చే చికిత్స), ఒక భాగానికి కుంగుబాటు తగ్గించే ఇమిప్రమిన్ మాత్ర, ఒక భాగానికి సుదర్శన క్రియ అనే శ్వాస సాధన ఇచ్చారు. నాలుగు వారాలకు లక్షణాల నుంచి బయటపడినవారు వరుసగా 93, 73, 67 శాతం. శ్వాసతో 67 శాతం అన్నది నిజంగానే గొప్ప విషయం. మాత్రకు దాదాపు సాటి వచ్చింది. వేదికల మీద ఇక్కడితో ఆపేస్తారు. అందరికంటే ముందు నిలిచింది మన సినిమాలు రాక్షసంగా చూపించే "కరెంటు షాకు" అని ఎవరూ చెప్పరు, ఒక్కో భాగంలో ఉన్నది 15 మందేనని కూడా చెప్పరు. 2007లో అక్కడి వైద్యులే స్కిజోఫ్రీనియా ఉన్న 61 మందితో చేసిన మరో అధ్యయనం నా దృష్టిలో ఇంటికి ఎక్కువ పనికివచ్చేది. అందరూ తమ మాత్రలు వాడుతూనే ఉన్నారు, సగం మంది యోగా, సగం మంది మామూలు వ్యాయామం చేశారు. నాలుగు నెలల తర్వాత యోగా చేసినవారిలో లక్షణాలు ఎక్కువగా తగ్గాయి, నలుగురిలో మసలుకోవడం, జీవన నాణ్యత కూడా మెరుగయ్యాయి. మాత్రలు అంతగా అందుకోలేని చోటు అదే: మనిషి ముభావంగా ముడుచుకుపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం.

అయితే ఏ యోగా అన్నది అడగాలి. ఉన్మాదపు లక్షణాలు పొడసూపుతున్న మనిషికి భస్త్రిక, కపాలభాతి వంటి వేగపు శ్వాసలు మంచివి కావని మా డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. అవి చేశాక ఉన్మాదం చెలరేగిన సందర్భాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. రోజుల తరబడి మౌనంగా కూర్చునే ధ్యాన శిబిరాలు కూడా సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే స్థితి) చరిత్ర ఉన్నవారికి తగవు, విపశ్యన ధ్యాన కేంద్రాలు దరఖాస్తులోనే మానసిక అనారోగ్యం గురించి అడిగేది అందుకే. ఆ గడిలో నిజం రాయండి. ధ్యానానికి తగిన చోటు వేరే ఉంది. పదేపదే కుంగుబాటు తిరగబెట్టేవారికోసం రూపొందించిన మైండ్‌ఫుల్‌నెస్ ఆధారిత కాగ్నిటివ్ థెరపీని, అంటే ధ్యానాన్ని ఆలోచనలను సరిచేసుకునే శిక్షణతో కలిపిన తరగతులను, ఇంగ్లండులో 424 మంది మీద పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఆ తరగతులకు వెళ్ళి మాత్రలు తగ్గించుకున్నవారిలో రెండేళ్ళలో 44 శాతం మందికి, మాత్రలు కొనసాగించినవారిలో 47 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. రెండూ ఇంచుమించు సమానమే. అక్కడ మాత్ర తగ్గించింది వైద్యుల పర్యవేక్షణలో, నెమ్మదిగా. మన దగ్గర శిబిరం నుంచి వచ్చిన మర్నాడే డబ్బాను చెత్తబుట్టలో వేసేవారు ఉంటారు. హఠాత్తుగా లిథియం ఆపితే ఉన్మాదం వెంటనే విరుచుకుపడే ప్రమాదం ఉంది. నిద్రకు, ఆందోళనకు ఇచ్చే కొన్ని మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు.

గుడి, దర్గా మాట తప్పించుకుని ఈ విషయం రాయడం నిజాయతీ అనిపించుకోదు. మతి చలించిన వారిని కొండగట్టు అంజన్న సన్నిధికి తీసుకువెళ్ళి కొన్నాళ్ళు ఉంచడం, నెల్లూరు జిల్లా ఏ.ఎస్.పేట దర్గాలో మతభేదం లేకుండా నిద్ర చేయించడం తరతరాలుగా ఉన్నాయి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మానసిక వ్యాధులు ఉన్నవారిలో చికిత్స అందనివారు వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఇంతమంది ఏదో ఒక తలుపు తట్టక మానరు, ఆ తలుపు చాలాసార్లు గుడిదో దర్గాదో అవుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ఇళ్ళలో ఒకదానికి నిప్పంటుకుని గొలుసులతో కట్టివేసిన 28 మంది కాలిపోయారు. ఆ సంగతి మరచిపోకుండానే, తర్వాత గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో జరిగిన ప్రయత్నాన్ని కూడా చూడాలి. అక్కడ దువా చేసే ముజావర్లే (దర్గా సేవకులే) రోగులను పక్కనే కూర్చున్న సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతారు, మందు కూడా అక్కడే ఇస్తారు. దానికి "దవా–దువా" అని పేరు. ఇటువంటిది మన కొండల మీద, మన దర్గాలలో ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. మా అమ్మ మొక్కు తీర్చుకోవడానికి తమ్ముణ్ణి తీసుకువెళ్ళినప్పుడు నేను అడ్డుచెప్పలేదు. మాత్రల డబ్బా సంచిలో పెట్టి, "స్వామి దగ్గర మందు మింగకూడదని ఎవరైనా అంటే నాకు ఫోన్ చెయ్యి" అని మాత్రం చెప్పాను.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కాగితం ఉంది. ఎడమ పక్కన సైకియాట్రిస్టు రాసినవి, కుడి పక్కన మిగతావన్నీ: చూర్ణం, కషాయం, విటమిన్లు, ఉపవాసాలు, చేసే ప్రాణాయామం పేరు, మోకాలి నొప్పికి కొట్టులో కొన్న మాత్ర. ఎవరి దగ్గరకు వెళ్ళినా అదే కాగితం చూపిస్తాము. కొత్తది ఏదైనా ఒక్కొక్కటిగానే మొదలుపెడతాము, మాత్రల మోతాదు మార్చిన రోజులలో అసలు మొదలుపెట్టము, లేకపోతే మేలు జరిగినా కీడు జరిగినా దేనివల్లనో తేలదు. మా సైకియాట్రిస్టు కసురుకోలేదు సరికదా, కుడి పక్కన ఉన్న రెండు వస్తువులకు అడ్డగీత కొట్టి, ఆసనాల పక్కన టిక్కు పెట్టి ఇచ్చారు. కసురుకునేవారూ ఉంటారు, అటువంటప్పుడు డాక్టరును మార్చుకోవచ్చు కానీ, విషయం దాచకూడదన్నది నా అభిప్రాయం. ఆయుర్వేదం కావాలనుకునేవారు పట్టణంలో ఎవరో చెప్పిన మందులవాడి దగ్గరకు వెళ్ళనక్కరలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోవిజ్ఞానం, మానస రోగాలలో పీజీ చేసిన ఆయుర్వేద వైద్యులను, మానసిక వైద్యంలో పీజీ చేసిన హోమియో వైద్యులను కూడా మానసిక ఆరోగ్య నిపుణులుగానే గుర్తించింది. ఎక్కడికి వెళ్ళాలో తోచనివారికి 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఈ కాగితం మీద తమ్ముడికి ఒక అభ్యంతరం ఉండేది. "ఒళ్ళు నాది, జబ్బు నాది, లెక్క నువ్వు రాస్తావేమక్కా" అన్నాడు. అతను అన్నది సబబే. పైన చెప్పిన 2017 చట్టమే, జబ్బు ముదిరి తాను నిర్ణయించుకోలేని స్థితి వస్తే తనకు ఏ చికిత్స ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో ముందుగానే రాసిపెట్టుకునే హక్కును, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కును ప్రతి వయోజనుడికీ ఇచ్చింది. అత్యవసర చికిత్సకు మాత్రం ఆ రాత వర్తించదు. అతను తన స్వదస్తూరీతో రాసుకున్నాడు. లిథియం కొనసాగించాలని, రక్తపరీక్ష చూడకుండా ఏ పథ్యమూ పెట్టకూడదని, ఉపవాస చికిత్సకు తనను తీసుకువెళ్ళకూడదని, వార్డులో ఉన్నా కాస్త తేరుకోగానే ఆసనాలు వేసుకోనివ్వాలని అందులో ఉంది. ప్రతినిధిగా నన్ను కాకుండా తన భార్యను పెట్టుకున్నాడు. ఆ రాత ఒక ప్రతి మామయ్యకు కూడా ఇచ్చాము.